వంకలో పలకకూడని పేరు

మూడేళ్ళ కిందట మార్గళి నెల చలిలో మా రాగి చేను తొక్కింది ఏనుగే. టీ అంగట్లో ఆ మాట చెబితే మా పెదనాన్న కొడుకు అందరి ఎదుటా నవ్వాడు.

"నిజంగా చూసినోడు ఆ పేరు ఎత్తుతాడా రా? పెద్దసామి అంటాడు. నీ ఎద్దులే మేసుంటాయి, పో!"

మహేంద్రమంగళం పక్క మావాళ్ళు ఏనుగును పేరు పెట్టి అనరు. అంటే వస్తుందని భయం. నేను అంటాను. ఉన్నదాన్ని ఉన్న పేరుతో అనడానికి భయమెందుకు? ఆ రోజు అన్నతో కలిసి నవ్వినవాళ్ళలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఈనాటికీ చెప్పగలను.

అప్పటినుంచి ప్రతి చలికాలం వంక వెంట ఒంటరిగా నడిచాను. ఒక్క అడుగుజాడ దొరికితే చాలు, సెల్లులో ఫోటో తీసి వాళ్ళందరికీ చూపించాలని.

నిరుడు ఒక పొద్దున మంచు ఇంకా విడవలేదు. కానుగ చెట్ల కింద నీళ్ళు చప్పుడు లేకుండా పారుతున్నాయి. చాలా దూరం పోయాక గానీ తెలియలేదు, ఒక్క పిట్ట కూడా కూయడం లేదని. అక్కడే తడి ఇసుకలో జాడ కనబడింది. గంగాళం మూతంత ఉంది. సంబరంగా సెల్లు తీసి వంగాను. జాడలోకి నీళ్ళు ఊరుతున్నాయి. ఇంకా నిండలేదు.

ఫోటో తీయలేదు.

ఎదురుగా వెదురు పొద. గాలి లేదు. లోపల ఎవరో చాటతో విసిరినట్టు మెత్తని చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఒక చోట మాత్రం మంచు చిక్కగా, నల్లగా నిలబడి ఉంది. వీపు తిప్పకుండా వెనక్కి అడుగులు వేశాను.

వంక మలుపులో అన్న ఎదురొచ్చాడు. భుజాన గోనె, నోట్లో వేపపుల్ల. అదే దారిన రాగి కళ్ళానికి పోతున్నాడు.

"ఏమప్పా, దొరికినాడా నీ చుట్టం?"

పక్కకు తప్పుకుని పోనిచ్చేవాణ్ణే. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ దారికి అడ్డం నిలిచాను. ఏనుగు అందామంటే నాలుక తిరగలేదు.

"పోవద్దన్నా. పెద్దసామి ఉండాడు."

అతని నవ్వు ఆగిపోయింది. నా మొహం చూశాడు. నోట్లో పుల్ల ఉమ్మేశాడు.

"ఎంత దూరం?" అన్నాడు, వినబడీ వినబడకుండా.

వెనక్కి చూడకుండా ఇద్దరం నడిచాం. ఊరి మొదటి ఇల్లు కనబడ్డాకే అతను నోరు తెరిచాడు.

"ఆ పొద్దు టీ అంగట్లో కూడా ఇట్లే చెప్పుంటే నమ్మేవాణ్ణి కదరా."

అంటే తప్పు ఇంకా నాదే.

సంక్రాంతి దాటాక, తై నెలలో వాళ్ళింట్లో మనవరాలికి చెవులు కుట్టే పండగ. పిలవడానికి అన్న తనే వచ్చాడు. నేను పోలేదు.