మ్యాట్ మీది కాటా

2022 ఎండాకాలం. శంషాబాద్‌లో సర్వీస్ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పేవాడిని. విమానాలు మా రేకుల మీదుగానే దిగేవి. ఆ చప్పుడులో నా మాట వినబడక, పిల్లలు నా చేతులు చూసి అర్థం చేసుకునేవారు. ఆ ఏడాది మా దగ్గర పోటీకి నిజంగా సిద్ధమైన మనిషి ఒక్కతే. రూతు.

రూతుది బుద్వేల్. తండ్రి దావీదు తాపీమేస్త్రి. ఆమె ఎయిర్‌పోర్టు దగ్గర ఒక టిఫిన్ కౌంటర్‌లో దోశలు పోసేది. షిఫ్టు అయ్యాక నెయ్యి వాసనతోనే షెడ్డుకు వచ్చేది.

"నిన్ను పట్టుకుంటే ఆకలైతున్నదక్కా" అని పిల్లలు ఏడిపిస్తే, "ముందుగాల పట్టుకోరా" అంటూ నవ్వి కింద పడేసేది.

మా ఆటలో తూకం సంగతి కొంచెం చెప్పాలి. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ ఉన్న ఆట ఇది. మీద కూర్చున్న మనిషి నాలుగు కిలోలు ఎక్కువుంటే ఆ తేడా కిందివాళ్ల ఊపిరికి తెలుస్తుంది. అందుకే వెయిట్ క్లాసులు పెట్టారు. ఈ లెక్క పౌండ్లలో పుట్టింది కనుక కిలోల్లో అంకెలు వంకరగా కనబడతాయి. స్ట్రావెయిట్ అంటే 52.2 కిలోల దాకా. దాని పైది ఫ్లైవెయిట్, 56.7 దాకా. మ్యాచ్‌కు ముందురోజు అందరినీ తూస్తారు. టైటిల్ మ్యాచ్ కాకపోతే ఒక పౌండు, అంటే అరకిలో కంటే కాస్త తక్కువ, చూసీ చూడనట్టు వదిలేస్తారు. అంతకు మించితే ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే ఆట.

రూతు మామూలుగా యాభై అయిదు కిలోలుండేది. ఫ్లైవెయిట్‌లో హాయిగా ఆడవచ్చు. కానీ ఆ క్లాసులో చాలామంది అసలు బరువు అరవై దాటే ఉంటుంది. చివరి వారంలో ఉప్పూ నీళ్లూ తగ్గించి దిగుతారు, తూకం కాగానే తాగి, తిని మళ్లీ పెరుగుతారు. దీన్ని వెయిట్ కట్ అంటాం. అలాంటివాళ్ల ముందు రూతు చిన్నదైపోతుందని, ఆమెను స్ట్రావెయిట్‌కు దించాలని నిర్ణయించింది నేనే. రోజంతా వేడి పెనం ముందు నిలబడి ఊరందరికీ నెయ్యి దోశలు పోస్తూ, తాను ఉడికిన గుడ్డులో తెల్లసొన మాత్రం తినేది. అది ఆమె మొదటి పెద్ద మ్యాచ్.

వెళ్లే రోజు పొద్దున షెడ్డులోనే కాటా ఎక్కించాను. 52.4. వదిలేసే ఆ పౌండు లెక్కలో సరిపోయింది. ఇద్దరం నవ్వుకున్నాం. పోటీ జరిగే హాలుకు దావీదు కూడా వచ్చాడు. పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తూకం అయ్యాక బిడ్డ తినడానికి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

అక్కడి కాటా 53.5 చూపించింది.

"గట్లెట్లయితది సార్? పొద్దుగాల బరాబర్ ఉంటి గదా!"

"ఏం తిన్నవ్?"

"ఏం తినలే."

"నీళ్లు?"

"నాలిక తడుపుకున్న. అంతే సార్."

గంట గడువిచ్చారు. చెమట పట్టడానికి ప్లాస్టిక్ సూటు తొడిగి పార్కింగ్‌లో ఉరికించాను. కొంత దిగింది, చాలలేదు. ఎదుటి అమ్మాయి కోచ్ ఒప్పుకోలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. మ్యాచ్ పోయింది.

తోటి కోచ్‌లు చుట్టూ చేరి "ఏమైందన్నా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. "దోశల కౌంటర్ల పనిచేసే పిల్ల. నోరు ఊకుంటదా?" అన్నాను. అందరూ నవ్వారు. రూతు నా వెనకే, తువాలు కప్పుకుని నిలబడి ఉంది.

దావీదు మాత్రం నవ్వలేదు. "సారూ, నా బిడ్డ తింటే తిన్ననే అంటది" అన్నాడు. నేను వినబడనట్టు సంచి సర్దుకున్నాను.

అప్పటినుంచి ఆమె పేరు 'దోశ రూతు' అయిపోయింది. మళ్లీ ఎవరూ మ్యాచ్ ఇవ్వలేదు. కొన్నాళ్లు వచ్చింది, తర్వాత మానేసింది.

ఆమె మానేశాక ఒకరోజు మ్యాట్లు కడగడానికి ఎత్తి, కాటాను సిమెంటు నేల మీద పెట్టాను. ఊరికే ఎక్కితే నా బరువు కిలోకు పైనే పెరిగింది. మ్యాట్ మీద పెట్టి ఎక్కితే మళ్లీ తగ్గింది. కాటా కింద నాలుగు చిన్న కాళ్లుంటాయి. బరువు తెలిసేది వాటి ద్వారానే. మెత్తటి మ్యాట్‌లో కాళ్లు దిగబడి, కాటా కడుపు మ్యాట్‌కు ఆనుకుంటే, కొంత బరువు లెక్కలోకే రాదు. గట్టి నేల మీద పెట్టాలన్నది తెలియనిది కాదు. కానీ మేం వట్టికాళ్లతో తిరిగేది మ్యాట్ మీదే. కాటా కూడా ఎప్పుడూ అక్కడే ఉండేది. దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఆ రోజే కాటాను సిమెంటు మీదికి మార్చాను. "అందరం ఒక్కరోజుల లావైనమేంది సార్?" అని పిల్లలు పరేషానయ్యారు. నేను కారణం చెప్పలేదు. రూతుకూ చెప్పలేదు. చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది.

పోయినేడాది ఆమె కౌంటర్‌కు వెళ్లాను. ఇప్పుడు తనే అక్కడ ఇన్‌ఛార్జి.

"సార్! గింత బక్కగైనరేంది? కూసోండ్రి" అంటూ అడగకుండానే పెనం మీద దోశ పోసింది. నేను నిలబడే మొత్తం చెప్పాను. దోశ మాడి పొగ లేచింది. ఆమె తిప్పలేదు.

"ముందురోజు షిఫ్టుల చట్నీల ఉప్పు చూడుమన్నడు వంట మాస్టర్" అంది. "సగం చెంచా నాకిన. గా సగం చెంచాతోనే మ్యాచ్ పోయిందనుకుంటున్న సార్, ఇన్నేండ్ల సంది. ఇప్పటికీ చట్నీ రుచి చూడ. పక్కపిల్లతోని చూపిస్త."

ఆటలో ఎన్నో దెబ్బలు తిన్నాను. ఇలాంటిది తినలేదు.

"మాఫ్ చెయ్యి బిడ్డా."

"నాకొక్కదానికి చెప్తె ఏమొస్తది? గా దినం నవ్వినోళ్లకు చెప్పుండ్రి. డాడీకి చెప్పుండ్రి. బస్తీల ఎవలన్న దోశ రూతు అంటె ఇప్పటికి కొట్లాటకు పోతడు." మాడిన దోశ తీసి పారేసి, ఇంకొకటి పోసింది. "తిని పోండ్రి. గిది మంచిగస్తది."

ఆదివారం బుద్వేల్ వెళ్లాను. దావీదు గోడకు ప్లాస్టరింగ్ చేస్తూ, చేయి ఆపకుండానే విన్నాడు. "నేను ఆనాడే చెప్పిన గద సారూ" అన్నాడు. తాపీ పక్కన పెట్టి, "మల్ల ఆడనిస్తరా?" అని అడిగాడు.

ఇప్పుడు రూతు వారానికి రెండు సాయంత్రాలు షెడ్డుకు వస్తుంది. ఫ్లైవెయిట్‌కు సిద్ధమవుతోంది, కడుపునిండా తింటోంది. కాటా ఎక్కేముందు మడమతో సిమెంటును ఒకసారి తన్ని, నా వైపు చూసి నవ్వుతుంది. ఎవరి తూకం తేడా వచ్చినా ఇప్పుడు నేను మనిషిని ఏమీ అడగను. ముందు కాటా కింద చేయి పెట్టి చూస్తాను.

ఆ రోజు నాతో కలిసి నవ్వినవాళ్లలో కొందరైనా ఇది చదువుతారు. రూతు ఏమీ తినలేదు. కాటాను మ్యాట్ మీద పెట్టింది నేను.