ఆప్షన్ల వరుస మార్చింది నేనే

జూన్ 19. సాయంత్రం అయిదున్నర. హాజరు: నేను, శ్రావణి, వాళ్ళ నాన్న రాజన్న. శ్రావణి కోరినట్టే డిగ్రీ ఆప్షన్లు పెట్టి ముగించాం.

ఎనిమిదేళ్ళ కిందటి నా డైరీలో పేజీ ఇది. చివరి వాక్యం అబద్ధం. అప్పటినుంచీ దాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసిన మనిషికి చెప్పే ధైర్యం ఇంకా చాలక, ముందు మీకు చెబుతున్నాను.

నిజాంసాగర్ కాలువ మీద నీటిమట్టం చూసి రాయడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళు రాశాను. ఒక్క అంగుళం తప్పు రాయలేదు. రిటైరై, భార్య కూడా పోయాక, బాన్సువాడలో మేడమీది గదిలో నేనూ నా డైరీలూ మిగిలాం. కింది వాటాలో రాజన్న కుటుంబం కిరాయికి ఉండేది, ఇప్పటికీ ఉంది. అతను కోటగిరికి ఆటో నడిపేవాడు. వాళ్ళ పెద్దపిల్ల శ్రావణి రోజూ సాయంత్రం పైకొచ్చి, పాత డైరీల్లోంచి ఆ రోజు తేదీ ఉన్న పేజీ తీసి గట్టిగా చదివేది. "అబ్బో, తాత గీ దినం దోమతెరకు కుట్లేసిండంట!" అని నవ్వేది. ఆ పావుగంట కోసమే మిగతా రోజంతా గడిపేవాణ్ణి.

ఇంటర్ అయ్యాక తను పది రోజులు తేల్చుకోలేకపోయింది. హైదరాబాద్ హాస్టల్లో ఉండి కంప్యూటర్ సైన్సు చదవాలా, ఇక్కడి కాలేజీలో మామూలు బీఎస్సీయా? నా పద్ధతిలో కాగితం మధ్యన గీత గీసి, రెండు వైపులా కారణాలు రాయించాను. ఆ సాయంత్రం వచ్చి కాగితం మడిచేసింది.

"గీతలు గీసుడు బంద్ జెయ్యి తాతా. కంప్యూటరే పెడ్త."

"కీబోర్డు ఎన్నడు ముట్టలేదు. భయమైతలేదా?"

"అయితంది. గీడ్నే కూసుంటె వస్తదో రాదో ఎట్ల ఎర్కైతది?"

రాజన్న నవ్వాడు. "సైకిల్ మీదికెళ్ళి పడ్తె మూడు దినాలు ఏడ్సింది సారూ. ఇగ హైదరాబాద్ అంట! మీరెట్లంటె గట్ల."

రాజన్న నంబరు తరచూ మారేది కనుక అర్జీకి నా నంబరే ఇచ్చాం. హైదరాబాద్ కాలేజీ మొదట, ఇక్కడిది రెండోది; మార్కులు చాలితే మొదటిదే ఇస్తారు. నేనే నొక్కాను. వాళ్ళు చూశారు. దిగి వెళ్ళిపోయారు.

మెట్ల మీద చప్పుడు ఆగింది. గడువు ఇంకా ఉంది. పాస్‌వర్డు, అలవాటు ప్రకారం, డైరీలో రాసే ఉంది. మళ్ళీ తెరిచాను. రెండోదాన్ని మొదటికి తెచ్చాను. ఓటీపీ నా ఫోనుకే వచ్చింది.

ఆ పిల్ల మేలు కోరా? హాస్టల్లో బెంగపడుతుందనా? అలా అని చాలాసార్లు చెప్పుకున్నాను. కాదు. రేపటి నుంచి ఆ పేజీ ఎవరు చదువుతారన్నదొక్కటే ఆ క్షణంలో నా మనసులో ఉంది. దానికోసం ఒక పిల్ల పది రోజులు భయపడి, భయంతోనే తెచ్చుకున్న తెగింపును వేలి కొనతో పక్కకు నెట్టాను.

ఇక్కడి సీటే వచ్చింది. "నా మార్కులే సాలలేనట్టున్నయి తాతా," అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "పోనీ బిడ్డా, ఈడ్నే మంచిగ సదువుకో" అన్నాను. తనకన్నా తక్కువ మార్కులున్న పక్కవీధి పిల్లకు హైదరాబాద్‌లో ఆ సీటే వచ్చిందని నెలలోపే నాకు తెలిసింది. అదీ చెప్పలేదు.

నేను కోరుకున్నట్టే శ్రావణి వస్తూనే ఉంది. కానీ ఎదురుగా కూర్చున్నా నేను ఒంటరినే. తను చూడటానికి వచ్చే తాత వేరు, ఇక్కడ కూర్చున్నవాడు వేరు. ఏటా జూన్ 19న ఈ పేజీ కూడా చదివేది. "నేనైతె కోరిన. సీటే నన్ను కోరలే!" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. చెల్లెలు సౌమ్యకు ఇంటర్ అయింది. నిన్న మెట్ల దగ్గర అక్క మాట వినపడింది: "కంప్యూటర్ గింప్యూటర్ వద్దు సౌమ్యా. మన తెలివికి గది రాదు. నాకే రాలే."

ఆ మాట తనకు నేర్పింది నేను. ఇప్పుడది చెల్లెలి దాకా పోతోంది. ఇవాళ జూన్ 18. పాత పేజీలో చివరి వాక్యం కొట్టేసి, కింద జరిగింది జరిగినట్టు రాశాను.

పైదంతా మీకు రాసిన మర్నాడు ఇది: పొద్దున శ్రావణి బడికి పోతూ పైకొచ్చింది. "సౌమ్య ఆప్షన్లు గూడ నువ్వే పెట్టాలె తాతా, నీ చెయ్యి పడితె ఫికరుండది," అంది. నేను డైరీ చేతికిచ్చాను. అలవాటుగా గట్టిగా మొదలుపెట్టింది. "హాజరు: నేను, శ్రావణి..." కొట్టివేత దగ్గర గొంతు ఆగింది. మిగతాది లోపలే చదువుకుంది.

ఒక్కటే అడిగింది. "అంటె నా మార్కులు సాలినయా?"

"సాలినయి బిడ్డా."

డైరీ బల్లమీద పెట్టింది. మూయలేదు. నా వైపు చూడకుండా దిగిపోయింది. కింద సౌమ్యను పిలవడం వినపడింది, ఆ తర్వాతి మాటలు వినపడలేదు. కొత్త డైరీ తెరిచాను. జూన్ 19, ఉదయం ఎనిమిది. హాజరు: నేను.