ఫొటోకు ముందు భోజనం

తెలంగాణ వచ్చాక మహబూబ్‌నగర్‌లో నాయకులు పెరిగారు. నాయకులు పెరిగితే పుట్టినరోజులు పెరుగుతాయి. పుట్టినరోజు నాడు వృద్ధాశ్రమంలో అన్నం పెట్టి, ఫొటో దిగి, పత్రికకు పంపడం మర్యాద. ఆ ఫొటోలను పేజీలో సర్దడం చాలా ఏళ్లు నా పని. వడ్డించే చెయ్యి, నవ్వే ముఖం, కింద ఒక వాక్యం. పళ్లెం ముందు కూర్చున్నవాళ్లు సాధారణంగా అంచుల కత్తిరింపులో పోయేవారు.

ఉద్యోగం వదిలాక, ఊరి చివరి ఆశ్రమంలో ఉండేవాళ్ల బాగోగులు చూసే కమిటీలో నన్ను వేశారు. అందులో మరో ఇద్దరున్నారు. వాళ్లు దండలు వేసే రోజున వస్తారు.

నేను మొదటిసారి వెళ్లిన రోజు ఒక యువనాయకుడి పుట్టినరోజు. బగారన్నం, పప్పుచారు గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. అందరినీ వరండాలో వరుసగా కూర్చోబెట్టారు. రెండు దాటినా నాయకుడు రాలేదు. నా పక్కన, ఒకప్పుడు టైలరింగ్ చేసిన ముస్లిం తాత. ఆయన పక్కన, దేవరకొండలో కూరగాయలు అమ్మి బతికిన అవ్వ. అవ్వకు షుగర్. అన్నం ఆలస్యమైనా మాత్ర ఏ రోజూ ఆలస్యం కాదు. ఆయమ్మ వేళకు మింగించి వెళ్లింది.

"రంజాన్ల రోజాకైతే సైరన్ ఎప్పుడు మోగుతదో ఎర్కుంటది," అన్నాడు తాత. "గీ ఉపాసానికి గది గూడ లేదు."

నవ్వబోయిన అవ్వ చేతులు వణికాయి. నుదుట చెమట పట్టింది, మాట తడబడింది. తిండి లేక షుగర్ పడిపోయింది. బల్ల మీదున్న మిఠాయి డబ్బా రిబ్బన్ విప్పాను. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, సార్! గది అన్న వచ్చినంక తెరిచేది!"

"గా అన్న వచ్చేటాల్లకు గీ అవ్వ పోతది," అన్నాడు తాత.

లడ్డూ కొంచెం కొంచెంగా తిని అవ్వ తేరుకుంది. షుగర్ ఉన్నవాళ్లకు అక్కడ మిఠాయి నిషిద్ధం. ఆ రోజుకు అదే వైద్యమైంది.

నాయకుడు వచ్చి ఫొటో దిగి వెళ్లాక, సాయంత్రం మేనేజర్‌తో కూర్చున్నాను. అతిథి ఎవరైనా సరే, భోజనం వేళకు పెట్టాలన్నాను. ఆయన చెడ్డవాడు కాడు.

"దాతలు బాధపడ్తరు సార్. తిన్నోళ్లకు వాళ్లేం పెడ్తరు?"

పక్కనే కూర్చున్న అవ్వ ఆ మాట వింది. జవాబు ఆమే చెప్పింది.

"బిడ్డా, నా బువ్వ నాకు పన్నెండున్నరకు వెట్టు. ఆళ్లొచ్చినంక మల్ల కూసుంట. పల్లెం ముంగట వెట్టుకుంట, ఫొటో దిగుత. ఇంకేం గావాలె?"

హక్కుల గురించి నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అవసరపడలేదు.

అట్లా ఆశ్రమంలో రెండు భోజనాలు మొదలయ్యాయి. ఒకటి ఆకలికి, ఒకటి ఫొటోకు. రెండోదానిలో అందరూ నాలుగు మెతుకులు కెలికి ఊరుకునేవారు. "పెద్దోళ్లు ఎంత తక్కువ తింటరో!" అని దాతలు జాలిపడేవారు.

మరుసటి ఏడాది అదే యువనాయకుడు మళ్లీ వచ్చాడు, మూడున్నరకు. వడ్డించి, అవ్వ వైపు వంగాడు.

"అవ్వా, ముడ్తనే లేవేంది? మంచిగ లేదా?"

మేనేజర్ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ఎప్పుడో తిన్న బిడ్డా," అంది అవ్వ. "పోయినేడు మాత్ర మింగి నీకోసం కూసుంటే పానం పోబట్టె."

పన్నెండున్నర భోజనం ఆ పూటతో సరి అనుకున్నాను.

"మరి గిదంత ఎవలు తినాలె?" అన్నాడు యువకుడు.

"నువ్వు దిన్నవా?"

అతను ఆలోచించుకోవలసి వచ్చింది. పొద్దుటి నుంచి వెళ్లిన చోటల్లా కేకు కోసి ఎవరి నోట్లోనో పెట్టడమే సరిపోయింది.

"లేదవ్వా."

"కూసో మరి."

తాత జరిగి జాగా ఇచ్చాడు. అవ్వ తాను ముట్టని పళ్లెం అతని ముందుకు తోసింది. అతను ఇంకోసారి పెట్టించుకుని మరీ తిన్నాడు.

మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. అతను ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే చుట్టూ ముసలివాళ్లు చూస్తున్నారు. ఈసారి వాళ్లను ఎవరూ కత్తిరించలేదు. కింద వాక్యం మాత్రం ఎప్పటిదే: వృద్ధులకు అన్నదానం.

తర్వాత నేను వెళ్లేసరికి మేనేజర్ ఇంకో దాతతో ఫోన్లో ఉన్నాడు.

"మావోళ్లు పన్నెండున్నరకే తింటరు సార్. ఎవలొచ్చినా, రాకున్నా. మీరే జర ఆకలితోని రాండ్రి."