వాసన తెలియని ఏడాది

బరంపురం బడాబజార్లో అప్పడాల పిండి కలిపేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాసవీకుమారిలా ముక్కుతో కొలిచేవాళ్లు లేరు. ఇంగువనీళ్లు పోసి దంచుతున్న ముద్దలోంచి చిటికెడు తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేది. చాలంటే చాలు, ఇంకాస్త అంటే ఇంకాస్త. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో అదే తూకం. పనికొచ్చే ఆడవాళ్లు గానీ, ఆ అప్పడాలు టోకున అమ్మే భర్త శివరామ్ గానీ ఆ మాట దాటలేదు.

కిందటేడు వానాకాలంలో గోపాల్‌పూర్ నుంచి స్కూటరు మీద వస్తుంటే చీర చెంగు చక్రంలో పడింది. కిందపడి తల వెనక దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో పదకొండు రోజులుండి ఇంటికొచ్చేసరికి ఎడమచెయ్యి మాట వినడంలేదు, మనుషుల పేర్లు అందడంలేదు, నాలుగడుగులేస్తే నేల ఊగుతోంది. కోడలు అపర్ణ వారానికి మూడుసార్లు రిక్షాలో థెరపీకి తీసుకెళ్లేది. గోడ పట్టుకుని నడవడం, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు వంచడం, పొద్దున్న ఏం తిన్నదో సాయంత్రం చెప్పడం. ఆరు నెలలకు అవన్నీ ఓ దారిన పడ్డాయి.

ఒక్కటి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కాఫీ వేడినీళ్లలా ఉంటోంది. అగరొత్తి పొగ కంటికి కనబడుతోంది, అంతే.

మళ్లీ పీట మీద కూర్చున్న రోజు ఇల్లంతా పండగలా ఉంది. చిటికెడు ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకాస్త ఇంగువ పొయ్యమంది. మళ్లీ చూసుకుని ఇంకాస్త అంది. రోకలి పట్టుకున్న పనామె కాసమ్మకు ఘాటుకి కళ్లు చెమర్చాయి. అయినా ఇంకాస్త పోసి దంచింది. వాసవీకుమారి ముక్కును కాదనడం ఆ ఇంటి అలవాటు కాదు. వారం తిరక్కుండా పాత్రపూర్ దుకాణాయన సరుకంతా వెనక్కి పంపించాడు.

శివరామ్ పనివాళ్ల మీద లేచాడు.

"ఆళ్లనంటారేటి? తల పగిలినకాణ్ణుంచీ నాకే వాసన తెల్దు," అంది వాసవీకుమారి. తెలిస్తే ఇక పీట మీద కూర్చోనివ్వరని దాచానన్నది మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

థెరపీ చేసే రేష్మ ఆశ్చర్యపోలేదు. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఇలా అవుతుందట, తిరిగి రావచ్చు, రాకపోవచ్చట. మూడు డబ్బాల్లో మూడు వాసనలు పెట్టుకుని పూటపూటా పీల్చమంది. ఊరికే పీల్చడం కాదు, ఆ వాసన ఎక్కడ పరిచయమో తలుచుకోవాలంది.

అలా అత్తాకోడళ్లు రోజూ పెరటి గుమ్మంలో కూర్చునేవారు. లవంగం డబ్బా తీస్తే, పన్నునొప్పికి నాన్న కొట్టులో నలిపి పెట్టిన లవంగం, ఆయన వేళ్లకంటిన మిరియాల పొడి. మల్లె అత్తరు డబ్బా తీస్తే, పెళ్లైన ఏడాది ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర. ఆ జనంలో శివరామ్ మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడు, ఇల్లొచ్చాక కూడా వదలడం మరిచిపోయాడు. ఆ మాట చెబుతూ వాసవీకుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఇంగువ డబ్బా దగ్గర తన అత్తగారు భారతీదేవి గుర్తుకొచ్చేది. ఇంగువ గడ్డను సుత్తితో పగలగొట్టి వేణ్ణీళ్లలో నానేస్తే, నెల తప్పిన వాసవీకుమారికి కడుపులో తిప్పేది. ఆవిడ కోప్పడకుండా ఇదే గుమ్మంలో, గాలొచ్చే చోట కూర్చోబెట్టి అక్కణ్ణుంచే నేర్పింది. ముందు ముక్కు మీద కొడుతుందట. దంచగా దంచగా ఆ పచ్చి ఘాటు పోయి, పప్పులో పోపు పెట్టాక వంటింట్లో మిగిలే వాసనొస్తుందట. అక్కడ ఆగాలి.

అపర్ణ వింటూ తనూ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకునేది. చలికాలం వెళ్లిపోయింది. వాసవీకుమారికి ఏ డబ్బాలోంచీ ఏదీ రాలేదు. ఇంగువ గ్రాములు తూచి వేద్దామన్నాడు శివరామ్. ఏ గడ్డ ఘాటు దానిదే, తూకానికేం తెలుస్తుందని ఆవిడ ఒప్పుకోలేదు.

మర్నాడు ముద్ద తుంచింది. అలవాటుగా తన ముక్కు దాకా లేచిన చెయ్యి మధ్యలో ఆగింది. పక్కకు తిప్పి కోడలి ముక్కు దగ్గర పెట్టింది.

అపర్ణ కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది. "పచ్చి ఘాటింకా పోనేదత్తా. పోపు వాసన రానేదు."

"అయితే ఏటి సెయ్యాల?"

"ఇంగువ సాలు. ఇంకాస్సేపు దంచాల."

కాసమ్మ రోకలి ఎత్తకుండా పెద్దావిడ వైపు చూసింది.

"నన్ను సూస్తావేటే? కోడలు సెప్పింది ఇనపళ్లేదా?" అంది వాసవీకుమారి, పీట మీద కాస్త పక్కకి జరిగి కోడలికి చోటిస్తూ.