లింబాద్రి ఒళ్లో బీడీల చాట

2022 చలికాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌ల, రెండు మెడికల్ షాపుల నడుమ నా ఫిజియోథెరపీ క్లినిక్. టేబుల్ మీద రబ్బరు బంతులు, బట్టలకు పెట్టే క్లిప్పులు, పెసర్లు పోసిన గిన్నెలు ఉంటయి. కొత్తగ వచ్చినోళ్లు ఒకసారి అటు చూసి, "గిది దవాఖాననా, అంగన్‌వాడీనా మేడం?" అని అడుగుతరు. ఇరవై ఏండ్ల సంది ఇదే మాట వింటున్న, ఇప్పుడు కోపం గూడ రాదు.

లింబాద్రిది బోధన్ దిక్కు ఊరు. కాలువ కింద చెరుకు వేసే ఒక ఆసామి దగ్గర ట్రాక్టర్ నడుపుతడు, కోతలొస్తే చెరుకు కొడుతడు. గడను ఎడమ చేత్తోటి పట్టి, కుడి చేత్తోటి కత్తి వెయ్యాలె. ఆ కత్తి జారి ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు మొదట్ల పడ్డది. లోపల టెండన్లు తెగినయి. టెండన్ అంటే కండను ఎముకకు కట్టే తాడు, అది గుంజితెనే వేలు వంగుతది. సర్జన్ మంచిగనే కుట్టిండు. కానీ కుట్టిన టెండన్ పక్కనున్న మాంసానికి అతుక్కుపోతది. దాన్ని అడ్హీషన్ అంటం. రోజూ మెల్లమెల్లగ వేలు వంచుకుంట పోతే విడుస్తది, వంచకుంటే మళ్ల కొయ్యాలె. నా దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు వేళ్లు కట్టెల లెక్క నిలబడి ఉన్నయి. "రెండు నెలలు చూద్దాం, వంగకుంటే మళ్ల ఆపరేషన్" అని సర్జన్ చెప్పి పంపిండు. "ఉగాది దాక చూస్త, చెయ్యి రాకుంటే వేరే డ్రైవర్‌ను పెట్టుకుంట" అని ఆసామి చెప్పిండట.

మొదటి రోజే ఇంటికాడ చేసుకునే పనులు చెప్పిన. బియ్యంల రాళ్లు ఏరు, జొన్నపిండి పిసుకు, ఎల్లిగడ్డ పొట్టు తియ్యి, తడిబట్ట పిండు. లింబాద్రి మొఖం మాడిపోయింది.

"గవన్ని ఆడోళ్ల పనులు గావా మేడం?"

"వేలికి ఆడ, మగ ఉంటదా తమ్మీ?"

నేనైతే పెద్దగ అనేసిన గని, నిజం చెప్పాలంటే ఆయన మాటల తప్పేం లేదు. చేతి వ్యాయామాలని మేము పుస్తకాలల్ల సదువుకున్నయి ఇంచుమించు అన్నీ కోడండ్లు చేసే పనులే. నా బడి పుస్తకాలల్ల నాయిన పేపర్ సదువుతుంటే అమ్మ రొట్టెలు చేసేది. ఆ బొమ్మ చూసుకుంటనే పెరిగినం గద అందరం, లింబాద్రి ఒక్కడే పుట్టంగనే నేర్చుకున్నడా?

వారం తర్వాత వచ్చిండు. చెయ్యి బూరె లెక్క ఉబ్బి ఉన్నది. "ఏం చేసినవ్?" అంటే నసుగుతున్నడు. పక్కకున్న భార్య గంగామణి చెప్పేసింది. ఆటసామాన్ల దుకాణంల ఇనుప స్ప్రింగు గ్రిప్పర్ కొన్నడట, కుస్తీ పట్టేటోళ్లు పిసుకుతరే, గది. పొద్దుమాపు దాన్నే పిసుకుతున్నడు. అది మొగోళ్ల వస్తువాయె మరి!

నాకు ఒళ్లు మండింది. "కుట్టు తెగితే ఏం జేస్తవ్ర నాయినా? బలం గాదు నీకు కావల్సింది, వంపు కావాలె. ఎల్లిగడ్డ తియ్యనీకి సిగ్గు, చెయ్యి పోగొట్టుకోనీకి సిగ్గు లేదు!" అని గట్టిగనే తిట్టిన. తల వంచుకొని విన్నడు. పాపం అనిపించింది. భయపడ్డ మనిషి అట్లనే చేస్తడు.

వాపు తగ్గేదాక చెయ్యికి పని చెప్పలే. తర్వాత ఒకరోజు వచ్చిండ్రు, లోపల వేరే పేషెంట్ ఉన్నడు. గంగామణి బయట బెంచి మీద కూసొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. తంబాకు వాసన లోపలికి కొట్టింది. తిడుదామనే బయటికి వచ్చిన. వచ్చి, ఆమె చేతులు చూసి ఆగిపోయిన.

ఎడమ చేతిల ఆకు, దాంట్లె చిటికెడు తంబాకు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు కలిసి ఆకును దొర్లిస్తున్నయి. మెత్తగ, బలం లేకుండ, వంపుతోటి. కుడి చేత్తోటి మూతి మడిచి దారం చుడుతున్నది. వేలి కొసలు కలిపి పట్టుకునుడును మేము పించ్ గ్రిప్ అంటం. నేను క్లిప్పులతోటి నేర్పేది గిదే.

"లింబాద్రీ, నీ మందు నీ ఇంట్లనే ఉన్నది" అన్న.

అర్థమైంది ఆయనకు. లేచి నిలబడ్డడు. "వద్దు మేడం. ఊర్లె తలకాయ ఎత్తుకోలేను. ట్రాక్టర్ నడిపినోన్ని."

"తంబాకు వద్దు, పాడైన ఆకులల్ల తవుడు పోసి చుట్టు. అమ్మే లెక్కకు రావు అవి, చేతికి పనికొస్తయి."

గంగామణి మెల్లగ అన్నది: "తలుపు పెట్టుకొని చెయ్యి. నేను కూడ సూడ, సరేనా?" ఆ మాటకు ఆయన నవ్విండు. నా దగ్గరికి వచ్చినంక నవ్వుడు అదే మొదలు.

పదిహేను రోజులకు నడిమి వేలు కొస కదిలింది. ఇంకొన్ని రోజులకు చూపుడు వేలు బొటనవేలును ముట్టింది. నాకు సంబురమైంది, ఎగిరి గంతెయ్యలే అంతే.

అంతల ఒకనాడు లింబాద్రి తల్లి సాయవ్వ ఆటో దిగి సీదా లోపలికి వచ్చింది. వెనుక లింబాద్రి "అవ్వా, ఆగే" అనుకుంట ఉరుకుతున్నడు. పక్కింటామె పాలకు తోడు అడగనీకి వచ్చి కిటికీల నుంచి చూసిందట. ఇంకేముంది, వాడకట్టంత తెలిసిపోయింది.

"ఏం డాక్టరమ్మా! నా కొడుకును ఆడిదాన్ని జేస్తున్నవా? ఇంటింటికి నవ్వుతున్నరు. లింబాద్రి బీడీలు జేస్తున్నడు, గంగామణి ట్రాక్టర్ నడుపుతదట అని!"

"అవ్వా, నువ్వు బీడీలు చెయ్యలేదా?"

"చేసిన. చేసే వీన్ని సాకిన. నేను ఆడిదాన్ని."

"నువ్వు సాకినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడిది?"

"నీకు సమజ్ గాదు బిడ్డ. నేను చేస్తే కష్టం అంటరు. వాడు చేస్తే చేతగాదు అంటరు."

ఆమె లోకాన్ని నాకంటె ఎక్కువ చూసింది. కొడుకు మీద ప్రేమతోటే వచ్చింది, కొట్లాడనీకి రాలె.

అప్పుడు లింబాద్రి ఎడమచెయ్యి ముందుకు చాపిండు. మెల్లగ వేళ్లు ముడిచిండు. రెండు వేళ్లు ఇంకా అరచేతిని తాకలే, కానీ అది పిడికిలే. సాయవ్వ ఆ పిడికిలిని రెండు చేతులల్ల పట్టుకొని గట్టిగ ఏడిసింది. నేను అటు తిరిగి గిన్నెలు సర్దుకున్న. పోయేటప్పుడు మాత్రం కొడుకుతోటి అన్నది: "చెయ్యి బిడ్డ. లోపల్నే కూసొని చెయ్యి. కిటికీకి పాత చీర కడుత."

ఉగాదికి ముందే సర్జన్ చూసి ఆపరేషన్ అక్కర లేదన్నడు. ఆసామి ట్రాక్టర్ తాళం మళ్ల లింబాద్రికే ఇచ్చిండు. ఇగ రాడనుకున్న. వచ్చిండు, వెంట చాట పట్టుకొని గంగామణి. కుర్చీల ఆయన కూసోలే, ఆమెను కూసోబెట్టిండు.

"ఇయ్యాల పేషెంట్ నేను గాదు మేడం. ఈమె చెయ్యి సూడుండ్రి."

"నాకేమైంది? పని చేసే చెయ్యి నొయ్యదా?" అన్నది గంగామణి.

బొటనవేలు అరచేతిలకు మడిచి, పిడికిలి ముడిచి, చెయ్యిని చిటికెన వేలు దిక్కు వంచుమన్న. వంచంగనే ఆమెకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మణికట్టు కాడ బొటనవేలి టెండన్లు వాచినయి. "ఎన్నొద్దుల సంది?" అంటే "పెండ్లికి ముందల సంది" అన్నది, అదేదో మామూలు ముచ్చట లెక్క.

లింబాద్రి మొఖం చూడలేకపోయిన. "నాకు రెండు వారాలకే మెడ గుంజింది మేడం. చేతులు తిమ్మిరెక్కినయి. ఈమె చిన్నప్పటి సంది చేస్తున్నది. ఎన్నడన్న నొస్తున్నదా అని అడగలే నేను."

ఆయనే గాదు, నేను గూడ అడగలే. ఇన్ని దినాలు ఆమె చేతులు చూసి ఆయన చెయ్యికి వైద్యం చేసిన. అప్పటి సంది ఒక అలవాటు చేసుకున్న. మగ పేషెంట్ వెంట ఏ ఆడామె వచ్చినా, పోయేముందు "నీకేమన్న నొస్తదా అమ్మా?" అని అడుగుత. చాలామంది ముందు నవ్వుతరు. తర్వాత కూసుంటరు.

ఆనాడు గంగామణి మణికట్టుకు పట్టీ కట్టి, మూడు వారాలు బీడీ ముట్టద్దన్న. ఆమె లబలబలాడింది.

"మూడు వారాలు ఏం జెయ్యాలె మేడం ఇంట్ల?"

"ఊకె కూసో."

"ఊకె కూసునుడు నాకు రాదు."

లింబాద్రి ఆమె ఒళ్లోంచి చాట తీసి తన చంకల పెట్టుకున్నడు. "బీడీలు చుట్టుడు నేను నేర్వలేదా? నువ్వు కూసునుడు నేర్చుకో" అన్నడు. చాట అట్లనే పట్టుకొని, కంఠేశ్వర్ బజార్ల అందరు చూస్తుంటే, బస్టాండ్ దిక్కు నడిచిండు.