దేవుడి గూట్లో ఉగ్గుగిన్నె

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలో ఊళ్ళో అద్దె ఇళ్ళు దొరక్క ఉద్యోగులు చాలామంది డేరాల్లో ఉండేవారు. మా ఇంట్లో వీధివైపు రెండు గదులు ఖాళీగా ఉండేవి. మాకు నందికొట్కూరు దగ్గర పొలం. నాయన నెలలో సగం రోజులు అక్కడే గడిపేవాడు. నా చదువు కోసం అమ్మా నేనూ టౌనులో ఉండేవాళ్ళం. ఎవరో తెలియని గుమాస్తాను ఇంట్లోకి రానివ్వడానికి అమ్మ మొదట ఒప్పుకోలేదు. "పెండ్లాముతో వస్తాడులే, ఆ పిల్ల నీకు తోడుంటాది" అని నాయన నచ్చజెప్పాక సరేనంది.

వచ్చినావిడది తెనాలి వైపు. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మా అమ్మను పిన్నిగారూ అనేది. పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, కంచు పళ్ళేలు గోనెసంచుల్లో కట్టి తెచ్చుకుంది. దారిలో ఎక్కడో వానకు తడిశాయేమో, విప్పేసరికి అన్నీ నల్లబడి, చిలుము పట్టి ఉన్నాయి. ఆ పిల్ల వాటిని దొడ్లో పరుచుకుని ఏడుపు మొహంతో కూర్చుంది.

అమ్మ వంటింటి గడపలో నిలబడి కాసేపు చూసింది. కొత్తవాళ్ళతో మాట్లాడే అలవాటు లేని మనిషి. అయినా ఉండబట్టలేకపోయింది.

"ఒట్టి బూడిదతో యాడ పోతాదమ్మా అది? చింతపండు పట్టించి కాసేపు నాననీ. మే పాపా, ఆ పులుసు పిసికిన పిప్పి తీసకరా పో."

ఆ రోజు పొద్దుగూకేదాకా ముగ్గురం తోమాం. మా దొడ్లో చేదబావి పక్కన పెద్ద నాపబండ ఒకటి పరిచి ఉండేది. దాని మీద గొంతుక్కూర్చుని అమ్మ చింతపండు రుద్దేది, అక్క టెంకాయ పీచుతో ఇటుకపొడి పట్టించి తోమేది, నేను నీళ్ళు తోడి పోసేదాన్ని. రాగి చెంబు మీద చింతపండు పడగానే ఆ నలుపు కింద నుంచి ఎరుపు పైకి రావడం చూసి అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అయితే ఆమెకు మా ఊరి నీళ్ళ కరువు తెలియదు. వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనకే కాలువ పారుతుందట. ఒక్క గిన్నె కడగడానికి బిందెడు నీళ్ళు కుమ్మరించేది.

"ఏమ్మా, కృష్ణా కాలవ ఎంటబెట్టుకొని వచ్చినావా?" అంది అమ్మ.

అక్క నాలుక కరుచుకుని పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నేను నీళ్ళు పోయడం ఆపి అమ్మ మొహం చూశాను. మా తమ్ముడు పోయాక అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు.

తమ్ముడి సంగతి ఇక్కడ చెప్పాలి. నాకు ఏడేళ్ళప్పుడు పుట్టాడు. బోసినోటితో అందర్నీ చూసి నవ్వేవాడు, ఎవరు చేతులు చాపినా వెళ్ళేవాడు. ఏడాది నిండకుండానే జ్వరం తగిలింది. ఎండాకాలం. డాక్టరు ఇచ్చిన మందును అమ్మ తేనెలో రంగరించి, ముందు చిన్న ముక్కు ఉండే కంచు ఉగ్గుగిన్నెతో వాడి నోట్లో పోసేది. చివరిసారి పోసింది వాడు సగమే మింగాడు. మిగతా సగం గిన్నెలోనే ఉండిపోయింది. ఇంట్లో ఏడుపులు సద్దుమణిగాక మా అవ్వ అంట్లు కడుగుతూ ఆ గిన్నె మీద చెయ్యి వేయబోతే అమ్మ లాక్కుంది. దాన్ని అలాగే తీసుకెళ్ళి దేవుడి గూట్లో పటాల వెనక పెట్టింది. అందులోని మందు ఎండి అడుగున పొరలా కట్టింది, గిన్నె నల్లబడింది. ప్రతి పండక్కీ ఇంట్లో ఉన్న ప్రతి పాత్రా తళతళలాడేది, అదొక్కటి తప్ప. అమ్మ అప్పుడప్పుడు దాన్ని తీసి చూసుకుని మళ్ళీ అక్కడే పెట్టేది. దాన్ని గురించి ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు.

అక్క వచ్చాక మా ఇల్లు మారిపోయింది. ఆమెకు మాటలు ఎక్కువ. అమ్మ వండిన కొర్రన్నం తినడం నేర్చుకుంది, అమ్మకు పెసరట్లు పోయడం నేర్పింది. "పిన్నిగారూ, ఉండాది అంటారేవిటి, ఉంది అనాలి గానీ" అని ఆటపట్టించేది. "పో మే, నీ మాటలు నీకు, నా మాటలు నాకు" అని అమ్మ మురిపెంగా కసిరేది. మధ్యాహ్నాలు అంట్లు తోమే బండ దగ్గరే ఇద్దరికీ లోకం. ఆమె అంట్లు, మా అంట్లు కలిసిపోయేవి. ఎవరి చెంబు ఎవరింట్లో ఉందో చూసుకునేవాళ్ళు కాదు.

అలా రెండేళ్ళు దాటాయి. ఆ ఉగాది ముందర అక్కకు నాలుగో నెల. వేవిళ్ళు తగ్గి కాస్త తేరుకుంది. పండక్కి బట్టలు తీయడానికి నాయన అమ్మను అంగడికి తీసుకెళ్ళాడు. నేను బడిలో ఉన్నాను. పిన్నిగారు వచ్చేసరికి పండగ సామాను తోమిపెట్టి ఆశ్చర్యపరచాలని అక్కకు బుద్ధి పుట్టింది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ కూడా అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నాయన వీధరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

వంటింట్లో చాప మీద సామానంతా బోర్లించి ఉంది. దీపపు కుందులు, హారతి పళ్ళెం, గంట, పంచపాత్ర, అన్నీ బంగారంలా మెరుస్తున్నాయి.

"దేవుడి గూడు కూడా ఖాళీ చేసి తుడిచేశాను పిన్నిగారూ!" అంది అక్క, మొహం వెలిగిపోతూ. "పటాల వెనక ఇది దొరికింది చూడండి. ఎన్నాళ్ళ నుంచి పడి ఉందో పాపం, లోపలంతా ఏదో గడ్డకట్టుకుపోయింది. మధ్యాహ్నమంతా చింతపండులో నానేస్తే గానీ రాలేదు. ఎంత ముద్దుగా ఉందో!"

ఆమె అరచేతిలో ఉగ్గుగిన్నె. లోపలా బయటా మచ్చ అనేది లేదు.

అమ్మ గిన్నె తీసుకుని లోపలికి చూసింది. వేలితో అడుగంతా తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"శానా బాగా తోమినావమ్మా," అంది.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. అక్క అమ్మ భుజం మీద చెయ్యి వేసి, గారాబంగా అడిగింది. "దీన్ని నాకివ్వరూ? మా అమ్మ పెట్టే వెండిది నాకొద్దు. మీ చేతి గిన్నెతోనే నా బిడ్డకు ఉగ్గు పోస్తాను. మీలా నెమ్మదస్తుడవుతాడు."

"ఇది ఇయ్యను," అంది అమ్మ.

ఆ గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అమ్మకే తెలిసినట్టు లేదు. అక్క నవ్వు అలాగే ఉండిపోయింది. పరాచికం అనుకుంది.

"ఊరికే పడి ఉన్నదేగా పిన్నిగారూ!"

"ఇయ్యనంటి గదమ్మా. అంగట్లో శానా దొరుకుతాయి, కొనుక్కో."

అక్క చెయ్యి తీసేసింది. "ఏదో చనువు కొద్దీ అడిగాను లెండి," అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అమ్మ దొడ్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. బండ మీద నుంచి పారిన నీళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో ఇంకిపోతాయి. తోమి పారేసిన చింతపండు పిప్పి అక్కడ కుప్పగా పడి ఉంది. అమ్మ అక్కడ కూర్చుని ఆ తడి మట్టి మీద అరచెయ్యి ఆనించి పెట్టుకుంది. నేను పక్కన కూర్చుంటే వెళ్ళమనలేదు.

"అక్కకు చెప్పుమా," అన్నాను. "తెలిసుంటే తోమేది కాదు గదా. అడిగేది కూడా కాదు."

"ఎట్ల చెప్తావు మే? కడుపుతో ఉండాది. సచ్చిపోయిన బిడ్డ గిన్నెను నీ చేత్తో తోమినావు, నీ బిడ్డకు అడిగినావు అని చెప్తే దానికి కన్ను మూత పడ్తాదా? తొమ్మిది నెల్లూ అదే దిగులు పెట్టుకుంటాది. ఇద్దామంటే అది ఇయ్యగూడని గిన్నె." కొంగుతో మొహం తుడుచుకుంది. "బిడ్డ పుట్టి కండ్లబడినాంక నేనే చెప్తాలే. అంతవరకు నువ్వు నోరు మెదపొద్దు."

అలాగే చేశాను. అమ్మ చెప్పింది న్యాయంగానే తోచింది. ఇప్పటికీ అందులో తప్పు ఎక్కడుందో నాకు తెలియదు.

ఉగాది పచ్చడి నేను తీసుకెళ్ళి ఇస్తే అక్క తీసుకుంది. పచ్చడి గిన్నె మాత్రం అప్పటికప్పుడే కడిగి ఇచ్చేసింది. అంతకుముందు మా ఇంట్లో మిగిలిపోయిన ఆమె చెంబులు, పళ్ళెం అడిగి తీసుకెళ్ళింది. మావి తెచ్చి గడప దగ్గర పెట్టింది. అంట్లు తోమే వేళ మార్చుకుంది. అమ్మ బండ దగ్గర ఉంటే రాదు, అమ్మ లేచాక వస్తుంది. కొట్లాట లేదు, మాట తూలడం లేదు. ఎదురుపడితే "భోంచేశారా పిన్నిగారూ" అనేది. అమ్మ కూరలు చేసి పంపితే, "డాక్టరుగారు పులుపు వద్దన్నారు" అని ఒకసారి, "వంటయిపోయింది" అని ఒకసారి తిప్పి పంపింది. అమ్మను పిసినారి మనిషి అనుకుందో, తనను పరాయిదాన్ని చేసిందనుకుందో. రెండోదే అయి ఉంటుంది. ఆమెకు ఈ ఊళ్ళో మా అమ్మ తప్ప ఎవరూ లేరు.

ఏడో నెలలో ఆమె అన్న వచ్చాడు, కాన్పుకు తీసుకెళ్ళడానికి. అమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి గాజులు వేసింది, పసుపు కుంకుమ ఇచ్చి చీర పెట్టింది. అక్క అన్నీ బుద్ధిగా తీసుకుంది. కాళ్ళకు దండం కూడా పెట్టింది. జట్కా ఎక్కేటప్పుడు అమ్మ వీధి గడప దాటి బయటికి వచ్చింది. అలా రావడం అమ్మకు అలవాటు లేదు.

"బిడ్డనెత్తుకొని రామ్మా. నీకొక మాట చెప్పేదుండాది."

"ఏవిటది, ఇప్పుడే చెప్పండి," అంది అక్క. ఆ ఒక్క క్షణం పాత మనిషిలా చూసింది.

అమ్మ నోరు తెరిచింది. ఆమె పొట్ట వైపు చూసింది. "వచ్చినాంక చెప్తా. పో, ఎండెక్కతాంది," అంది.

మగపిల్లవాడు పుట్టాడని ఆమె భర్త వచ్చి చెప్పాడు. అమ్మ ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని ఇత్తడి సామాను అంగడికి వెళ్ళింది. ఉగ్గుగిన్నెలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ముక్కు నున్నగా ఉందా లేదా, పసివాడి పెదవికి గీరుకోదు కదా అని వేలితో చూసి చూసి ఒకటి ఎంచింది. పాత గిన్నెకు అచ్చం అలాంటిది కావాలనుకోలేదు. దానికంటే కొంచెం పెద్దది, అంచు చుట్టూ తీగ చెక్కినది తీసుకుంది. కొత్తదే అయినా ఇంటికి వచ్చి మళ్ళీ తోమింది. తల్లీబిడ్డా వచ్చే రోజు కోసం సామాను పెట్టెలో పెట్టింది.

వాళ్ళు రాలేదు. రాజధాని హైదరాబాదుకు మారుతుందని ఆ ఎండాకాలం నుంచే అనుకుంటున్నారు. వానలు తగ్గాక ఖాయమైంది. ఆఫీసుల బీరువాలు, కాగితాల కట్టలు లారీలకెక్కుతుంటే ఊరంతా రోడ్ల మీద నిలబడి చూసింది. అక్క భర్త ఒక్కడే వచ్చి గదులు ఖాళీ చేశాడు. భార్యాబిడ్డలు తెనాలి నుంచి నేరుగా హైదరాబాదు వస్తారట. ఆ ఇత్తడి బిందెలూ కంచు పళ్ళేలూ మళ్ళీ గోనెసంచుల్లోకి వెళ్ళాయి.

అమ్మ ఆయనతో ఎప్పుడూ ముఖాముఖి మాట్లాడి ఎరగదు. ఆ రోజు గిన్నె చేతిలో పట్టుకుని తలుపు పక్కకు వచ్చింది.

"నాయనా, ఇది బిడ్డకు. నేనిచ్చినానని చెప్పు."

ఆయన ఇబ్బందిగా గిన్నె వైపు చూశాడు. మంచి మనిషి. చేతులు జోడించాడు.

"ఏమీ అనుకోకండమ్మా. మన సామాను తప్ప ఇంకేమీ తేవద్దని ఆవిడ మరీ మరీ రాసింది. తీసుకెళ్తే నా మీద విరుచుకుపడుతుంది. మీ ఆశీర్వాదం ఉంటే చాలు."

"అది గాదు నాయనా, ఆ పొద్దు నేను..." అని అమ్మ మొదలుపెట్టింది. వీధిలో లారీ మనిషి కేకేశాడు. ఇంకా నాలుగిళ్ళ సామాను ఎక్కించాలట. "వస్తానమ్మా" అని ఆయన పరుగెత్తాడు. పరాయి మగవాడిని ఆపి, చచ్చిపోయిన కొడుకు కథ వీధిలో చెప్పడం అమ్మ వల్ల కాలేదు. ఎక్కడ కాపురం పెడతారో ఆయనకే అప్పటికి తెలియదు.

ఆ పాత గిన్నె మళ్ళీ పటాల వెనక్కే వెళ్ళింది. కొన్నాళ్ళకు నల్లబడింది కూడా. కానీ అమ్మ దాన్ని తీసి చూడడం మానేసింది. అందులో ఇక చూడడానికి ఏమీ లేదు. కొత్త గిన్నెతో చాలా ఏళ్ళ తర్వాత నా కూతురికి ఉగ్గు పోసింది. పోస్తూ, "ఆ పిల్లోడు ఇప్పుడు బడికి పోతాంటాడు," అంది. ఏ పిల్లోడని నేను అడగలేదు.

పెళ్ళయ్యాక నేను హైదరాబాదులోనే కాపురమున్నాను. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అమ్మ ఒకటే అడిగేది. "యాడన్నా కనపడిందా?"

"అంత పెద్ద ఊర్లో యాడ కనపడ్తాదిమా?"

"కనపడితే చెప్పు. చెప్పనీకె నా వల్ల కాలేదని చెప్పు."

కూరగాయల అంగట్లో, బస్సులో, ఆసుపత్రి వరండాలో తెనాలి యాస వినపడితే తిరిగి చూసేదాన్ని. ఎప్పుడూ వేరే ఎవరో అయ్యేవారు.

పోయే ముందు ఏడాది అమ్మ మంచాన పడింది. ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే తనంతట తానే ఆ మాటెత్తింది.

"ఆ పొద్దే చెప్పింటే ఏమయ్యేది మే? ఏడ్చుండేది. దాన్ని జూసి నేనూ ఏడ్చుందును. నీ తమ్ముడు పోయినప్పుడు కూడా నేను ఎవురి దగ్గరా ఏడ్చలేదు. దాని దగ్గర ఏడ్చుంటే బాగుండు."

జుట్టు చిక్కు తీస్తూ నేను ఊకొట్టాను. అమ్మ కాసేపటికి కళ్ళు మూసుకుని, ఆ పిల్లకు పెసరట్లు బాగా వచ్చేవని చెప్పి నిద్రపోయింది.