మల్లాపురం మామ బండికి ఐదో గేరు

చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఒక దురద ఉంటుంది. తనకు తెలిసినదాన్ని వెంటనే ఎవరో ఒకరి మీద ప్రయోగించి చూడాలనిపిస్తుంది. వైద్యం చదివినవాడు ఇంటికొచ్చిన చుట్టాలందరి నాలుకలూ చూస్తాడు. ప్లీడరీ చదివినవాడు తోడికోడళ్ళ గొడవకు సెక్షన్లు చెబుతాడు. నేను చదివింది మెకానికల్ డిప్లొమా, చేరింది తమిళనాడులోని ధర్మపురిలో మోటార్ సైకిల్ విడిభాగాలు అమ్మే అంగడిలో. చొక్కా జేబు మీద అంగడి పేరు కుట్టి ఉండేది. ఆ చొక్కా వేసుకుంటే లోకంలోని ఇంజన్లన్నీ నా మాట కోసమే ఆగి ఉన్నట్టు తోచేది. అలాంటి రోజుల్లో నా కంటపడింది మల్లాపురం మామ బండి.

మల్లాపురం మామ అంటే మా మేనత్త భర్త. బి. మల్లాపురంలో పసుపు, కర్రపెండలం పండించే రైతు. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం ఆ మోటార్ సైకిలు. డబడబమని వీధి చివరి నుంచే తన రాక చెప్పే పాతకాలపు పెద్ద బండి అది. పంట చేతికొచ్చినప్పుడల్లా అత్తను వెనక కూర్చోబెట్టుకుని ఏర్కాడు, తిరువణ్ణామలై, ఇంకా దూరాభారం ఊళ్ళన్నీ తిరిగివచ్చేవాడు. బండిని ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాడు. నన్ను కూడా తుడవడానికి మాత్రమే అనుమతించాడు.

ఆ దంపతుల ప్రయాణానికి ఒక పద్ధతి ఉండేది. మామకు చెవి కొంచెం మందం. ఇంజను మొత్తుకుంటున్నా గేరు మార్చాలని ఆయనకు తెలిసేది కాదు. అత్తకు మాత్రం శబ్దాన్ని బట్టి అన్నీ తెలిసేవి. అందుకని ఆమె వెనక నుంచి ఆయన భుజం మీద వేలితో తట్టేది. కుడి భుజం తడితే గేరు పెంచాలి, ఎడమ భుజం తడితే తగ్గించాలి, వీపు మీద అరచేత్తో చరిస్తే బ్రేకు వేయాలి. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ ఏర్పాటు అప్పటికి ఎంతగా కుదిరిపోయిందంటే, ఆ బండిని నిజంగా నడుపుతున్నది ఎవరో చెప్పడం కష్టం. (మా నాన్న మాత్రం ఎప్పుడూ చెల్లెలి పక్షమే వహించేవాడు.)

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మామ బండి పక్కన దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"అల్లుడా, కన్యాకుమారి దాకా బండిలోనే పోవల్లంటాది మీ అత్త. అంత దూరం ఇది తాళుతుందా?"

నాకు కావలసిందీ అదే. వెంటనే ఉపన్యాసం అందుకున్నాను. "ఇది నాలుగు గేర్ల బండి మామా. పెద్ద రోడ్డెక్కితే నాలుగో గేరు చాలదు. ఇంజను అరస్తా ఉంటుంది, బండి అదరతా ఉంటుంది. ఐదు గేర్ల పెట్టె వేసినామంటే ఇంజను నిదానంగా తిరిగినా చక్రం జోరుగా పోతాది."

"నాలుగుతోనే ఇన్నాళ్ళు పోయినాను కదరా."

లోపల బియ్యం చెరుగుతున్న అత్త తల ఎత్తకుండానే అంది. "పోయినావు. ఎట్ల పోయినావో నా నడుమును అడుగు, అది చెబుతాది."

నడుము మాట వచ్చాక మామ లేచి తాళం తెచ్చాడు. బండి నా చేతికి వచ్చింది. దాన్ని సోగత్తూరులో నాకు తెలిసిన ఒక షెడ్డుకు చేర్చాను. అక్కడి మెకానిక్‌ను అందరూ సర్జన్ అణ్ణన్, అంటే సర్జన్ అన్న, అనేవారు. ఏ బండి వచ్చినా, దాని బాధ ఏమిటో అడగకముందే పొట్ట కోసేవాడు. పాత గేర్ బాక్సు విప్పి కింద పెట్టాడు, కొత్తది ఎత్తి బిగించాడు, పెడళ్ళు సర్దాడు. అంగడిలో వీలు దొరికినప్పుడల్లా నేను పరుగెత్తుకెళ్ళి పక్కన నిలబడి తల ఊపేవాడిని. పని అయిపోయాక పెద్ద రోడ్డు మీద నడిపి చూశాను. ఐదో గేరు పడగానే ఇంజను శాంతించింది, బండి నీళ్ళ మీద పడవలా సాగింది. పక్కన బస్సు పోతున్నా బెదరలేదు. గేరు నా కాలికి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, బ్రేకు కూడా అంతే. లోపం ఒక్కటంటే ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

మల్లాపురంలో బండికి చిన్న పెళ్ళంత హడావుడి జరిగింది. అత్త కర్పూరం వెలిగించింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వీధిలోని వాళ్ళు ఐదో గేరు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చి నిలబడ్డారు. మామ ఉతికిన పంచె కట్టుకుని ఎక్కాడు, అత్త వెనక కూర్చుంది, కుడి భుజం మీద వేలు తట్టింది. మామ కుడి పాదం పెడల్ మీద కదిలించాడు. ఏమీ కాలేదు. మళ్ళీ కదిలించాడు. ఆయన నా వంక చూశాడు. నేను ఆయన కాలి వంక చూశాను. అప్పుడుగానీ నాకు వెలగలేదు.

ఆ పాతకాలపు బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. కొత్త పెట్టెకు అది తారుమారు, గేరు ఎడమ, బ్రేకు కుడి. పైగా పాతదాంట్లో పైకి ఎత్తేది దీంట్లో కిందికి తొక్కాలి. అంగడిలో పనిచేసే నాకు ఇది తెలియదని కాదు. తెలుసు. కానీ నేను ఆనాటి కుర్రకారు బండ్లకే అలవాటు పడినవాణ్ణి. ఎడమ వైపు గేరు కనబడితే అది సహజంగానే తోచింది తప్ప, మామ కాళ్ళు నా కాళ్ళు కావన్న సంగతి బుర్రకు తట్టనే లేదు.

"ఎడమ కాలు మామా, గేరు ఎడమకు మారింది," అన్నాను, అదేదో చొక్కా గుండీ మారినంత తేలికగా.

"ఎడమా?" అన్నాడు మామ. వీధి అంతా చూస్తోంది. వెనక్కి తగ్గే వీలు లేదు. ఎడమకాలితో తొక్కాడు. బండి కదిలింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అత్త మళ్ళీ తట్టింది, రెండో గేరు కూడా పడింది. నేను వెనకే నడుస్తూ, మనుషులు ఎంత త్వరగా నేర్చుకుంటారో కదా అని సంతోషించడానికి సిద్ధమవుతున్నాను.

వీధి మలుపులో పాల సంఘం ఉంది. దాని ముందు ఖాళీ క్యాన్లు వరుసగా పేర్చి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఒక మేక అడ్డం వచ్చింది. అత్త వీపు మీద అరచేత్తో చరిచింది. మామ భార్య మాటను ఏనాడూ జవదాటనివాడు. వెంటనే బ్రేకు ఉండే ఎడమకాలితో బలంగా తొక్కాడు. బ్రేకు పడలేదు, గేరు ఒకటికి దిగింది. బండి భయంకరంగా గర్జించి ఎగిరింది. ఆ కుదుపుకి మామ చెయ్యి యాక్సిలరేటర్ మీద బిగిసింది. మేక తప్పించుకుంది. క్యాన్లకు ఆ అవకాశం లేదు.

ఆ శబ్దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. క్యాన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి దొర్లి, వీధి పొడవునా మోగుతూ పోయాయి. ఒకటి నా దాకా వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది. అంతా అయ్యాక మామ కుడికాలికి బ్రేకు దొరికింది. ఇద్దరికీ మోచేతులు గీరుకుపోవడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. కానీ క్యాన్ల మధ్య కూర్చున్న మామ ముఖంలోని ఆశ్చర్యం చూడలేకపోయాను. ఏళ్ళ తరబడి నమ్ముకున్న తన కాళ్ళను, ఎవరో పరాయివాళ్ళను చూసినట్టు చూసుకుంటున్నాడు.

అక్కడే నిలబడి సర్జన్ అణ్ణన్‌కు ఫోన్ చేశాను. ఇలా ఎందుకు చేశావని అడిగితే ఆయన తమిళంలో ప్రశాంతంగా చెప్పాడు. "కాల్ మారిడుచు, అవ్వళవుదాన్." కాలు మారింది, అంతే. పోనీ పాత పెట్టే మళ్ళీ బిగించమన్నాను. అది హోసూరు నుంచి ఎవరో వచ్చి పట్టుకెళ్ళారట. పాత బండ్లకు అలాంటివి దొరక్క వెతుకుతున్నారట, చూడగానే ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నంత పని చేశారట. ఫోన్ పెట్టేసి, ఆ మాట మామతో ఎలా చెప్పాలా అని చాలాసేపు క్యాన్లు ఏరుతూ ఉండిపోయాను.

ఆ తర్వాతి వారాలు మా ఇంట్లో ఎవరికీ మంచివి కావు. మామ ప్రయత్నించకపోలేదు. మంచం మీద కూర్చుని గాలిలో ఎడమకాలితో గేర్లు వేసేవాడు. అత్త గుర్తు కోసమని ఆయన ఎడమ బొటనవేలికి పసుపు గుడ్డ కట్టింది. దాన్ని చూసి ఊళ్ళో వాళ్ళు దెబ్బ తగిలిందా అని అడగడం, ఆయన చెప్పలేక చెప్పడం. బండెక్కితే మాత్రం కాళ్ళు పాత కథే. చివరికొక రోజు తాళం తెచ్చి గోడకున్న మేకుకు తగిలించాడు. "చాలు. ఈ కాళ్ళకు ఇంకొక బుద్ధి రాదు. కన్యాకుమారికి రైల్లో పోదాము," అన్నాడు. అత్త మాత్రం మేకుకున్న తాళం వంకే చూస్తోంది. నాన్న నన్ను చూసిన ప్రతిసారీ నిట్టూర్చేవాడు. జేబు మీద అంగడి పేరున్న ఆ చొక్కా వేసుకుని మల్లాపురం వైపు పోవడం మానేశాను.

కొన్నాళ్ళకు మామే ఫోన్ చేశాడు. "వచ్చి చూసిపోరా" అన్నాడు, ఏమిటో చెప్పలేదు. గొంతు అదోలా ఉంది. బండి అమ్మేస్తున్నాడేమో, కొనేవాడు వచ్చాడేమో అనుకుంటూ భయంభయంగా వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. ఊరవతల కర్రపెండలం ముక్కలు ఆరబోసే కళ్ళం వైపు నుంచి డబడబమని వినిపిస్తోంది. వెళ్ళి చూద్దును కదా, బండి మీద మా అత్త. చీర మీద మామ పొడుగు చేతుల చొక్కా, కొంగు నడుముకు బిగించి, ముందు సీటులో ఒక్కతే కూర్చుని కళ్ళం చుట్టూ తిరుగుతోంది. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మామ గట్టు మీద కూర్చున్నాడు.

"మామా, ఏమిది?"

"నన్నేమీ అడగొద్దు. కిక్కరు తొక్కేది మాత్రమే నా పని. మిగతాది ఆమెనే అడుగు."

అత్త నా ముందుకొచ్చి కచ్చితంగా బ్రేకు వేసి ఆపింది. తొక్కింది కుడికాలితోనే. "ఏమిరా అట్ల చూస్తావు? మీ మామ కాళ్ళు ఇన్నేండ్లు ఒక దావలో పోయినాయి, ఇప్పుడు తిప్పుకో అంటే ఎట్ల తిప్పుకుంటాయి? నా కాళ్ళకు ఏ అలవాటూ లేదు. చెప్పినట్ల వింటాయి."

"గేర్లు, అత్తా?"

"అవి ఎప్పటినుంచో వేస్తానే ఉండాను కదరా. అప్పుడు వేలితో, ఇప్పుడు కాలితో."

నిజమే కదా అనిపించి, ఆ నిజానికి ఇంకా ఎక్కువ అదిరిపోయాను. లైసెన్సు పరీక్ష రోజు నేనూ హరూరు వెళ్ళాను. నేల మీద ఎనిమిది అంకె గీసి, కాలు కింద పెట్టకుండా దాని మీద నడపమంటారు. అధికారి ఆ బండిని చూసి, "రండి పెద్దాయనా, ఎక్కండి," అని మామను పిలిచాడు. మామ వెళ్ళి కిక్కరు తొక్కి, ఇంజను అందుకోగానే పక్కకు తప్పుకున్నాడు. అత్త చీర సర్దుకుని ఎక్కింది. అధికారి చేతిలోని టీ గ్లాసు ఆమె ఎనిమిది పూర్తి చేసేదాకా నోటి దాకా పోలేదు, చేతిలోనే ఉండిపోయింది.

కన్యాకుమారికి బయలుదేరిన రోజున సాగనంపడానికి నా చిన్న బండి మీద మంజవాడి కనుమ దాకా వెంట వెళ్ళాను. వెంట అన్నది పేరుకే. కనుమ మొదట్లోనే అత్త ఒక లారీని దాటింది, మలుపు తిరిగింది, ఇక కనిపించలేదు. నేను లారీ వెనక పొగ తాగుతూ పైకెక్కి, దారి పక్క టీ అంగడి దగ్గర ఆగిపోయాను. అంగడి ఆయన దారి వైపే చూస్తున్నాడు, ఎవరో ఒక అమ్మ ఇప్పుడే పోయిందని నాతో చెప్పాడు. మా అత్తే అన్నాను. నమ్మలేదు. ఆ రోజు మళ్ళీ వేసుకున్న అంగడి చొక్కా జేబు మీది పేరు చూపించి, ఆ గేర్ బాక్సు వేయించింది నేనే అని కూడా అన్నాను. అది అసలే నమ్మలేదు.

రెండో రోజు మామ ఫోన్ చేశాడు. సముద్రం గురించి చెబుతాడనుకున్నాను.

"అల్లుడా, మంజవాడి కనుమలో ఎన్ని కోతులుండాయో నీకు తెలుసునా? కొండ మీద పసుప్పచ్చ పూల చెట్లుండాయి. ఇన్నేండ్లు ఆ దావలోనే పోయినాను, ముందు చక్రం తప్ప ఏమీ చూసిండ్లేదు. ఇప్పుడు వెనక కూర్చుని ఊరికే చూస్తా పోతా ఉండాను."

"బండి ఎట్ల పోతా ఉండాది మామా?" అన్నాను.

"బండి సంగతి నాకేమి తెలుసురా," అన్నాడు ఆయన హాయిగా, "ఉండు, మీ అత్తకిస్తాను."

ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది, ఆ అంగడి చొక్కా ఎప్పుడో మసిగుడ్డ అయిపోయింది. అయినా ఆ కనుమ దారిన పోయినప్పుడు టీ అంగడి బల్ల మీద ఆ చొక్కాలోని అప్పటి కుర్రవాడు కనిపిస్తూనే ఉంటాడు. ముఖం నిండా లారీ పొగ, చేతిలో చల్లారిన టీ, మలుపు వైపు చూస్తూ ఇంకా నోరు తెరుచుకునే ఉంటాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. అంతగా ఆశ్చర్యపోవడం నాకిప్పుడు చేతకావడం లేదే అని కాస్త బెంగ కూడా కలుగుతుంది.